పాత తుపాకి బేరము: రైతు పరీక్షింపవలసిన విధము

(పట్టాదారు రైతుల ఉపయోగార్థమైన ఉపన్యాసము)



ఎద్దును కొనబోవు రైతు సంతలో ఎట్లు మెలగునో అందఱికిని విదితమే. పండ్లు లెక్కించును, గిట్టలెత్తి చూచును, సుడులు పరికించును, నాలుగడుగులు నడిపించి, వీలైన కాడి కట్టించి చూచును. అమ్మువాడు కొమ్ములకు రంగు పూసి మెడకు గంటలు కట్టినంత మాత్రమున వెల హెచ్చింపడు. ఒంటిపై దుమ్మున్నంత మాత్రమున మంచి ఎద్దును విడువడు. అట్టి రైతే పాత తుపాకిని కొనబోవునపుడు ఆ తెలివినంతయు ఇంటివద్ద విడిచిపోవుచున్నాడు. పైమెఱుగు చూచి మోసపోవుచున్నాడు. లేదా చౌకయని విని, లోపల చూడకయే రూకలు చెల్లించుచున్నాడు. ఎద్దు విషయమున పొరపడినచో పోవునది ధనము. తుపాకి విషయమున పొరపడినచో చేతివ్రేళ్లు పోవచ్చును, కన్ను పోవచ్చును, ఒక్కొకప్పుడు చెఱసాల కూడ ప్రాప్తింపవచ్చును.

వేరుసెనగ, మొక్కజొన్న, చెఱుకు పైరులపై అడవిపందుల మంద పడిన రాత్రి రైతు మనస్సు తుపాకి మీదికి పోవుట సహజము. కొత్తది కొన శక్తి చాలనివాడు పాతదానిని వెదకును. ఇందు తప్పేమియు లేదు. చక్కగా కాపాడబడిన తుపాకి రెండు మూడు తరములు పనిచేయును. అయితే మంచి బేరమనగా తక్కువ వెల కాదు. వస్తువు చేయగల పనికిని, అమ్మువాడు అడుగు వెలకును నడుమ కొనువానికి అనుకూలముగా నున్న వ్యత్యాసమే బేరము. పని ఎంతయో తెలియనివానికి ఆ వ్యత్యాసము కానరాదు. తెలిసియు ముందుగా సిద్ధపడనివానికి అది చేతికందదు. ఈ రెండు సంగతులే ఇచట వివరింపబడును. చెప్పబడునదంతయు ఛర్రా తుపాకులకు, అనగా సన్నని సీసపు రవ్వలు కాల్చు నునుపు గొట్టపు తుపాకులకు సంబంధించినది.

మొదట లైసెన్సు, పిదప బేరము

1959 సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకిని కొనుటయు, ఉంచుకొనుటయు నేరము. జిల్లా మేజిస్ట్రేటునకు, కమీషనరేటు గల చోట్ల పోలీసు కమీషనరునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. 2016 సంవత్సరపు నియమములు తుపాకి వాడుకలో భద్రతా శిక్షణను గూడ కోరుచున్నవి. ఇది ఒకటి రెండు దినములలో తేలు పని కాదు. తుపాకి దొరికిన పిదప లైసెన్సునకై తిరుగువాడు, వాన కురిసిన పిదప విత్తనమునకై సంతకు పోవువానితో సమానము. అతడు తిరిగివచ్చులోగా ఆ బేరము మఱియొకని దగును.

లైసెన్సు ఏ తరగతికి చెందినదో తెలియుట అంతకంటె ముఖ్యము. పైరు కాపుదల నిమిత్తము చట్టము మొదట పేర్కొనునది మూతినుండి మందు దట్టించు నాటు తరహా తుపాకిని. అది చాలదని అధికారికి తోచినప్పుడు, 20 అంగుళములకు తక్కువ కాని గొట్టముగల వేఱొక నునుపు గొట్టపు తుపాకికి లైసెన్సు ఇయ్యవచ్చును. కాబట్టి దట్టింపు తుపాకికి లైసెన్సు గలవాడు పన్నెండు బోరు జంటగొట్టముల తుపాకిని ఎంత చౌకగా చూచినను, అది అతనికి బేరము కాదు. తన లైసెన్సునకు లోబడినదే తన బేరము.

మఱియొక మాట. తుపాకి యున్నంత మాత్రమున అడవిపందిని కాల్చు హక్కు రాదు. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి, పైరును పాడుచేయు మృగమును చంపుటకు అధికారము గలవారి వ్రాతమూలకమైన ఆజ్ఞ ఉండవలెను. ఆ ఆజ్ఞ ఎవరికి, ఏ షరతులపై లభించునో అటవీ శాఖవారి వద్ద ముందుగా తెలిసికొనుట మేలు. పక్షులను బెదరించుట మాత్రమే కావలసిన వానికి డప్పు, కంచె, కావలి మంచె చాలునేమో యోచింపవలెను. అక్కఱలేని వస్తువు సగము వెలకు వచ్చినను ఆ సగమును నష్టమే.

మంచి బేరములు ఎచట పుట్టును?

పాత తుపాకులు మూడు మార్గముల అంగడికి వచ్చుచున్నవి.

మొదటిది, లైసెన్సుదారు మరణించిన ఇండ్లనుండి. వారసులు ఆ తుపాకిని జాప్యము లేక పోలీసు ఠాణాలోగాని, లైసెన్సు గల వర్తకుని వద్దగాని అప్పగింపవలెనని చట్టము శాసించుచున్నది. నిర్ణీతమైన గడువులోగా తిరిగి పుచ్చుకొననిది, అమ్మబడనిది ప్రభుత్వపరము కావచ్చును. కొడుకులు పట్టణములలో ఉద్యోగములు చేయుచుండిన, తుపాకి యందు వారికి ఆసక్తి యుండదు. వర్తకుని వద్ద నిలువయుంచిన రుసుము పెరుగుచుండును. అట్టివారు తగిన వెలకు సంతోషముతో విడుతురు.

రెండవది, 2019 సంవత్సరపు చట్ట సవరణవలన. అంతకుముందు ఒక్కొక మనుష్యుడు మూడు తుపాకులు ఉంచుకొనుటకు వీలుండెను. ఆ సవరణ దానిని రెంటికి తగ్గించి, మూడవదానిని ఒక సంవత్సరములోగా అప్పగింపవలెనని విధించెను. మూడింటిలో విడువబడినది తఱచుగా అన్నిటికంటె పాతది, సాదాది, తక్కువగా వాడబడినది. రైతునకు కావలసినదియు అట్టిదే.

మూడవది, పల్లె విడిచి పోవువారివలన, వ్యవసాయము మానినవారివలన, వృద్ధాప్యముచే తుపాకి మోయలేనివారివలన.

ఈ మూడింటను అమ్మువానికి విడువవలసిన కారణము స్పష్టముగా కానవచ్చుచున్నది. అదియే మంచి బేరమునకు మొదటి గుఱుతు. కారణము చెప్పనివాడు, రాత్రివేళ రమ్మనువాడు, కాగితములు తరువాత చూపెదననువాడు అమ్మునది బేరము కాదు, ఆపద.

ఇచట ధర్మమొకటి కలదు. భర్తను పోగొట్టుకొన్న యిల్లాలు ఇంటిలోని తుపాకి విలువ నెఱుగక స్వల్పమునకు అమ్మజూపినచో, దానిని ముందుగా ఒక వర్తకునిచే వెల కట్టించుమని చెప్పుట రైతునకు తగిన పని. ఊరిలో రేపును ఆమె ముఖము చూడవలసియే యుండును గదా.

రూపము వేఱు, పని వేఱు

వెలను తగ్గించునవి కొన్ని పనిని తగ్గింపవు. గొట్టముల నల్లని రంగు చేతుల రాపిడిచే వెలిసిపోవుట, కొయ్యపై గీతలు, పైకి కనబడు గుఱ్ఱములు గల పాత మోస్తరు, పెట్టె లేకుండుట, పేరుమోసిన కర్మాగారపు పేరు లేకుండుట, జంటగొట్టములకు బదులు ఒంటిగొట్టము. షోకుగాండ్రు వీనిని చూచి వెనుదిరుగుదురు. కనుకనే ఇవి రైతునకు లాభకరములు. భారతదేశమున ముంగేరు, జమ్మూ నగరముల ప్రయివేటు కర్మాగారములయందు తయారైన సాదా తుపాకులును, ప్రభుత్వ ఆయుధ కర్మాగారముల తుపాకులును పైరు కాపుదలకు చాలును.

వెలను హెచ్చించునవి కొన్ని పనిని హెచ్చింపవు. లోహముపై చెక్కిన పూలు, లతలు, పక్షులు. ఆంగ్లదేశపు గొప్ప పేర్లు. 1980 దశకపు నడుమనుండి సామాన్య వర్తకమున విదేశపు తుపాకుల దిగుమతి నిలిచినందున వచ్చిన గిరాకి. ఆ గిరాకికి రూకలు పెట్టుట సేకరించువారి పని, సేద్యము చేయువాని పని కాదు.

అన్నిటికంటె జాగ్రత్త పడవలసినది కొత్తగా రంగు వేయబడిన పాత తుపాకి. కొయ్య పాతబడి, మరలు అరిగి, గొట్టములు మాత్రము నిగనిగలాడుచున్నచో ఏదో కప్పిపుచ్చబడి యుండవచ్చును. త్రుప్పు తిన్న గుంటలను అరగదీసి పైన రంగు వేసినచో కంటికి ఇంపుగానే యుండును. కాని అరగదీసిన మేర గొట్టపు రేకు పలుచనైనది. పైన పటారము, లోన లొటారము అన్న మాట దీనికే చెల్లును.

పరీక్షించు క్రమము

ఒకటి: ఖాళీ చేయుట. తుపాకిని చేత పుచ్చుకొనగానే తెఱచి, తూటా గదులు ఖాళీగా నున్నవని కంటితోను, వ్రేలితోను నిశ్చయించుకొనవలెను. అమ్మువాడు ఖాళీయే యని చెప్పినను విడువరాదు. దట్టింపు తుపాకి విషయమున కోలను మూతినుండి అడుగు వఱకు దింపి, మూతివద్ద వ్రేలితో గుఱుతు పట్టి, తీసి గొట్టము వెలుపల ఆనించి చూడవలెను. కోల అడుగుభాగము వఱకు రాక మధ్యనే ఆగినచో లోపల మందు దట్టింపబడియున్నదని భావింపవలెను. అట్టిదానిని మఱి తాకక, మందు తీయు పనిని తుపాకులు బాగుచేయు పనివానికే విడువవలెను. తాత మరణించిన నాటినుండి గోడకు వ్రేలాడుచు నిండియే యున్న తుపాకులు లేకపోలేదు.

రెండు: సంఖ్య. తుపాకిపై తయారుదారు పేరుగాని, సంఖ్యగాని, వేఱు గుఱుతుగాని ఉండి తీరవలెను. ఆ సంఖ్య అమ్మువాని లైసెన్సులోని సంఖ్యతోను, వర్తకుని రిజిస్టరుతోను అక్షరాక్షరము సరిపోవలెను. గుఱుతు చెఱిపివేయబడిన తుపాకి ఎవని వద్ద దొరకునో వాడే చెఱిపినట్లు చట్టము తలచును. కాదని ఋజువు చేయు భారము వానిదే. కాబట్టి సంఖ్య గీకబడినచోట పరీక్ష ముగిసినది. ఉచితముగా ఇచ్చినను తీసికొనరాదు.

మూడు: గొట్టపు పొడవు. తుపాకి గొట్టమును అనుమతి లేక కోయుట నేరము. జంటగొట్టముల తుపాకి మూతి చూచిన, కోత తఱచుగా పట్టుబడును. మొదటినుండి ఉన్న మూతి యందు రెండు గొట్టములును ఒకదానినొకటి ఆనుకొని యుండును. కోయబడిన మూతి యందు వాని నడుమ సందు కనబడును. అట్టి గొట్టములలో మూతివద్ద నుండు బిగువు పోవుటచే ఛర్రాలు త్వరగా చెదరిపోవును. పొడవు 20 అంగుళములకు తగ్గినచో లైసెన్సుతో కూడ చిక్కు వచ్చును.

నాలుగు: గొట్టపు లోపలి భాగము. గొట్టములను విప్పి, వెలుతురు వైపు త్రిప్పి, మొదట తూటా గదివైపునుండి, పిదప మూతివైపునుండి చూడవలెను. లోపల వెలుతురు వలయములు ఒకదాని వెనుక నొకటి సమముగా నుండవలెను. ఒకచోట వలయము వంకర తిరిగినచో అచట సొట్ట యున్నది. నీడ ఉంగరమువలె చుట్టు తిరిగినచో అచట గొట్టము ఉబ్బినది. మూతిలో బురదగాని, గుడ్డ పీలికగాని అడ్డుండగా కాల్చినందువలన ఇట్టి ఉబ్బు ఏర్పడును. వెలుపల వ్రేలితో మెల్లగా నిమిరిన ఉబ్బు చేతికి తెలియును. సొట్టను నేర్పరియైన పనివాడు తీయగలడు. ఉబ్బిన గొట్టమును రైతు విడువవలెను.

లోపల త్రుప్పు కనబడినచో, నూనె గుడ్డతో తుడిపించి మఱల చూడవలెను. తుడిచిన పోవునది మురికి. పోనిది గుంట. మూతివైపు సన్నని చుక్కలవంటి గుంటలు కొన్ని యుండిన అంత భయము లేదు. తూటా గదికి ముందు కొన్ని అంగుళముల మేర లోతైన గుంటలుండిన మిక్కిలి ప్రమాదము, ఏలయనగా మందు పేలు ఒత్తిడి యంతయు అచటనే పడును.

ఐదు: గొట్టపు నాదము. విప్పిన జంటగొట్టములను క్రింది కొక్కెమువద్ద రెండు వ్రేళ్లతో వ్రేలాడబట్టి, వ్రేలి కణుపుతో మెల్లగా కొట్టవలెను. గంటవలె మ్రోగిన, గొట్టములను కలుపు మధ్య పట్టీల అతుకు గట్టిగా నున్నది. పగిలిన కుండవలె చప్పుడైన, అతుకు ఊడినది. ఊడినచోట తేమ చేరి, కంటికి కనబడకయే త్రుప్పు తినుచుండును. కుండలు కొను ఇల్లాలు ఈ పరీక్షను నిత్యమును చేయుచునే యున్నది.

ఆఱు: కీలు బిగువు. గొట్టముల క్రింది కొయ్యముక్కను తీసివేసి, తుపాకిని మూసి, వెనుక కొయ్యను పట్టుకొని మెల్లగా కదిలింపవలెను. లోపల టకటకమని చప్పుడైనను, గొట్టములకును వెనుక లోహపు ముఖమునకును నడుమ వెలుతురు కనబడినను కీలు అరిగినది. అట్టి తుపాకి కాల్చినపుడు మంటయు, వాయువును వెనుకకు, అనగా కాల్చువాని కన్నులవైపు వచ్చును. దీనిని బాగుచేయవచ్చును గాని, మంచి పనివాడు తక్కువకు చేయడు. తక్కువకు చేయువాని పని నిలువదు.

ఏడు: గుఱ్ఱము, మీట. ఇందులకై మందు లేని ఉత్త తూటాలను వర్తకుడు ఇచ్చును. వానిని పెట్టి గుఱ్ఱమును ఎక్కించి, వెనుక కొయ్య అడుగున అరచేతితో తట్టవలెను. మీట నొక్కకుండగనే గుఱ్ఱము పడినచో ఆ తుపాకి గట్టు దాటుచు జారినపుడు తానై పేలును. భద్రతా మీట వేసినపుడు కాల్చు మీట ఎంత నొక్కినను పనిచేయరాదు. మీట మిక్కిలి తేలికగా నుండుట గుణము కాదు, దోషము.

ఎనిమిది: కొయ్య. చేతితో పట్టు సన్నని మెడవద్దను, లోహము కొయ్యలో దిగినచోటను చీలికలు వెదకవలెను. ఇత్తడి తీగ చుట్టినచోట, మేకులు దిగగొట్టినచోట, కొత్తగా వార్నీషు పూసినచోట కొయ్య ఒకమాఱు విఱిగియుండవచ్చును. ఏండ్లతరబడి నూనె త్రాగి నల్లబడిన కొయ్య మెత్తనై మరలను పట్టదు.

తొమ్మిది: పరీక్షముద్రలు. ఆంగ్లదేశమున తయారైన తుపాకుల గొట్టముల క్రింది చదునుపై చిన్న ముద్రలుండును. లండనులోని తుపాకి పనివారి సంఘము 1637 సంవత్సరమున అధికారపత్రము పొందినది. బర్మింగుహాము పరీక్షాలయము 1813 సంవత్సరమున స్థాపింపబడినది. ప్రతి గొట్టమును మామూలుకంటె హెచ్చు మందుతో కాల్చి చూచి, తట్టుకొన్నదానిపై ముద్ర వేయుట వారి పని. ముద్రలవలన మూడు సంగతులు తెలియును. నల్లమందునకు మాత్రమే పరీక్షింపబడినదా, ఇప్పటి పొగలేని నైట్రో మందునకు కూడనా. తూటా గది పొడవెంత. గొట్టపు లోపలి కొలత ఎంత.

నల్లమందునకు మాత్రమే పరీక్షింపబడిన తుపాకిలో ఇప్పటి తూటా పెట్టరాదు. ఇనుమును, ఉక్కును పేని చుట్టిన పాత గొట్టములపై చీర అంచువంటి చక్కని చారలు కనబడును. నైట్రో ముద్ర లేక అట్టి గొట్టములు గల తుపాకి గోడకు అలంకారమే గాని చేనికి కావలి కాదు.

తూటా గది విషయమున ఒక రహస్యము కలదు. పాత ఆంగ్ల తుపాకులలో అనేకములకు గది పొడవు రెండున్నర అంగుళములు. ఇప్పటి తూటాలలో అనేకములకు 70 మిల్లీమీటర్ల గది, అనగా రెండుముప్పావు అంగుళములు కావలెను. తూటాపై చెప్పబడు పొడవు కాల్చిన పిదప మూతి విచ్చుకొన్నప్పటి పొడవు. కాల్చకముందు అది పొట్టిగా నుండును గాన, పొడవైన తూటా పొట్టి గదిలో సులభముగా దూరును. పేలినపుడు మూతి విచ్చుకొనుటకు చోటు చాలక ఒత్తిడి విపరీతముగా పెరుగును. దూరినది గదా యని కాల్చినవాడు మోసపోవుటకు కారణమిదియే.

గొట్టపు కొలత కొలుచుట పనివాని వంతు. పన్నెండు బోరు గొట్టపు ప్రామాణికమైన లోపలి వెడల్పు 0.729 అంగుళము. ఆ ముద్రతోనున్న గొట్టము, గుంటలు తీయుటకు పలుమాఱులు అరగదీయబడి 0.740 అంగుళము వఱకు వచ్చినచో, ఆంగ్ల నియమముల ననుసరించి దాని పరీక్షముద్ర చెల్లదు. గొట్టపు రేకు మందము మిక్కిలి పలుచనైనచోట అంగుళములో వెయ్యింట 20 పాళ్లకు తగ్గరాదని తెలిసినవారి మాట. ఈ రెండు కొలతలకు పెట్టు కూలి తుపాకి వెలలో స్వల్పభాగము. దానికి వెనుదీయుట తగదు.

వెల కట్టుట

అమ్మువాడడుగునది వెలలో ఒక భాగము మాత్రమే. దానికి మరమ్మతు ఖర్చు, కొలతల కూలి, రుసుములు, ప్రయాణములు, దొరకు తూటాల వెల కలుపవలెను. ఉదాహరణమునకు ఒక తుపాకిని 20,000 రూపాయలకు, మఱియొకదానిని 28,000 రూపాయలకు అమ్మజూపుచున్నారనుకొనవలెను. మొదటిదానికి కీలు బిగించుటకు, కొయ్య మార్చుటకు 15,000 రూపాయలు కావలెను. రెండవదానికి శుభ్రము చేయుటకు 1,000 రూపాయలు చాలును. చౌకగా తోచినది 35,000 రూపాయలకు, ప్రియముగా తోచినది 29,000 రూపాయలకు తేలినది. ఈ లెక్కను అంగడిలో నిలుచుండియే కాగితముపై వేయవలెను. ఇద్దఱు ముగ్గురు వర్తకుల వద్ద అట్టి తుపాకులు ఏ వెలకు పోవుచున్నవో నెలలకు ముందుగనే విచారించియుండిననే ఈ లెక్క నిక్కమగును.

త్వరపడవలసిన చోటు, ఆగవలసిన చోటు

ఒక గ్రామమున ఇద్దఱు రైతులున్నారనుకొనవలెను. ఇద్దఱికిని చేను అడవి అంచుననే. ఇద్దఱికిని నష్టము సమానమే. మొదటివాడు పైరు పాడైన మఱునాడే కోపముతో పట్టణమునకు పోయి, నిగనిగలాడు జంటగొట్టముల తుపాకిని చూచి, రేపటికి ఉండదను మాట నమ్మి, మొత్తము రూకలు అప్పుడే చెల్లించి వచ్చెను. అతనికి లైసెన్సు రాలేదు గాన తుపాకి అంగడిలోనే యుండెను. లైసెన్సు వచ్చులోగా పంట గడిచెను. వచ్చిన పిదప పనివానికి చూపగా, గొట్టములు అరగదీసి రంగు వేసినవని తేలెను. రూకలు తిరిగి రాలేదు. ఇంటిలో బంగారము కుదువపెట్టి తెచ్చినవి గాన వడ్డీ మాత్రము వచ్చుచుండెను.

రెండవవాడు ముందుగా దరఖాస్తు పెట్టెను. లైసెన్సు వచ్చులోగా వెలలు విచారించెను. పనివానిని పరిచయము చేసికొనెను. మొదట సగము వెలకు వచ్చిన ఒక తుపాకిని చూచి, సంఖ్య గీకబడి యుండుటచే నమస్కరించి లేచి వచ్చెను. స్నేహితులు నవ్విరి. కొన్ని నెలలకు వర్తకుని వద్ద రంగు వెలసిన, గుఱ్ఱములు పైకి కనబడు ఒక తుపాకి వచ్చెను. మరణించిన లైసెన్సుదారు కుమారులు గడువు ముగియకముందే అమ్మగోరుచుండిరి. రైతు ఆ దినముననే పోయి, క్రమము తప్పక పరీక్షించి, పనివానిచే కొలిపించి, సాయంకాలమునకు బయానా ఇచ్చి రసీదు పుచ్చుకొనెను. అతడు త్వరపడలేదా? పడెను. కాని అతని త్వర వెనుక అనేక మాసముల నిదానము కలదు. తెలిసినవాని త్వర వేఱు, తెలియనివాని తొందర వేఱు.

బయానా ఇచ్చునపుడు కాగితముపై వ్రాయవలసినవి: తుపాకి సంఖ్య, బోరు, గొట్టముల పొడవు, ఒప్పుకొన్న వెల, ఇచ్చిన మొత్తము, గడువు. పనివాని పరీక్షలో దాచబడిన దోషము బయటపడినను, అధికారి అనుమతింపకున్నను బయానా తిరిగి ఇయ్యబడునను షరతును తప్పక వ్రాయించవలెను. ఈ షరతునకు ఒప్పుకొననివాని వస్తువును మఱియొకమాఱు పరీక్షించుట మంచిది.

వర్తకుని ద్వారా గాక ఒక లైసెన్సుదారునినుండి మఱియొక లైసెన్సుదారు నేరుగా కొనునపుడు, అమ్ముటకు తలచినట్లును, కొనువాని పేరు, చిరునామాయును అమ్మువాడు జిల్లా మేజిస్ట్రేటునకుగాని, సమీపపు ఠాణా అధికారికిగాని వ్రాతమూలకముగా తెలుపవలెను. తెలిపిన పిదప 45 దినములు గడువక తుపాకి చేయి మారరాదు. ఈ 45 దినములను ఆటంకముగా తలపరాదు. కొనువానికి అది ఒక వరము. ఆ వ్యవధిలో పనివాని పరీక్ష, కాగితముల విచారణ, మనస్సు స్థిరపడుట మూడును జరుగును. కొన్న పిదప తుపాకిని అధికారికి చూపి, లైసెన్సునందు వివరములు నమోదు చేయించుకొనువఱకు వ్యవహారము ముగియలేదని ఎఱుంగవలెను.

తుపాకి ఇంటికి చేరిన పిదప దానిని ఒకచోట, తూటాలను మఱియొకచోట, రెండును తాళము క్రింద ఉంచవలెను. వేఱు బోరు తూటాలను పన్నెండు బోరు తూటాలతో కలిపి ఉంచరాదు. ఇరువది బోరు తూటా పన్నెండు బోరు గొట్టములోనికి జారి మధ్య నిలిచిపోవును. గది ఖాళీగా నున్నదనుకొని వెనుక పన్నెండు బోరు తూటా పెట్టి కాల్చినవాని గొట్టము పగులును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. లైసెన్సునకు లోబడని తుపాకి ఎంత చౌకయైనను బేరము కాదు.

2. అమ్ముటకు గల కారణము స్పష్టముగా నుండవలెను. సంఖ్య చెఱిగినచోట మాట పెంచక లేచిరావలెను.

3. వెలిసిన రంగునకు వెఱవరాదు. కొత్త రంగును నమ్మరాదు.

4. గొట్టము, కీలు, గుఱ్ఱము, కొయ్య, ముద్రలు: ఈ ఐదింటిని క్రమము తప్పక చూడవలెను. కొలతలు పనివానిచే తీయించవలెను.

5. మరమ్మతు కలిపి వెల కట్టవలెను.

6. బయానాకు రసీదు, షరతునకు వ్రాత, కొనుగోలునకు నమోదు ఉండి తీరవలెను.

మంచి ఎద్దు ప్రతి సంతకును రాదు. వచ్చిన దినమున గుఱుతుపట్టగలవానికే దక్కును. అట్లు గుఱుతుపట్టగలుగుటకు వాడు అంతకుముందు ఎన్నో సంతలలో రూకలు తీయక ఊరక చూచి తిరిగివచ్చి యుండవలెను. పాత తుపాకి విషయమునను రైతునకు ఇంతకంటె వేఱు మార్గము లేదు.